మూల మడిచిన కార్డు

ఆ పళ్ళాసుపత్రిలో అబద్ధం చెప్పినవాళ్ళకి వైద్యం దొరికేది. నిజం చెప్పినవాళ్ళకి మిషను చెడిపోయేది. తొమ్మిదేళ్ళుగా అదే పద్ధతి. పెట్టింది డాక్టరుగారే అయినా, చెయ్యి తిరిగిన పనితనంతో దాన్ని నడిపించింది మాత్రం సిస్టరు.

సిస్టరంటే నర్సు చదువు చదివిన మనిషేం కాదు. ఇంటర్‌లో లెక్కలు తప్పి, పెళ్ళయి, ఇంట్లో అత్తగారి మొహం చూస్తూ కూర్చోలేక పనిలో చేరింది. తెల్లకోటు తొడిగారు గనక సిస్టరయింది. బయట బల్ల దగ్గర కార్డులు రాయడం, లోపలికెళ్ళి కుర్చీ పక్కన నిలబడి డాక్టరుగారి చేతికి పనిముట్లు అందించడం, ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడం, సాయంత్రం పట్టకార్లూ అద్దాలూ కడిగి ఆవిరిపెట్టెలో పెట్టడం, అన్నీ ఆమే. డాక్టరుగారు "అమ్మాయ్" అని పిలిచేవారు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, ఈయన రాయికి చుట్టుపక్కల మంచి పేరుంది. నొప్పి తెలియకుండా పీకుతారు, మర్యాదగా మాట్లాడతారు, కిందటేడు పళ్ళ డాక్టర్ల సంఘానికి కార్యదర్శి కూడా అయ్యారు.

కార్డు మీద వయసు, ఏ పన్ను, ఎన్నాళ్ళ నుంచి నొప్పి, ఇవన్నీ అయ్యాక చివర్న ఒక ప్రశ్న ఉండేది: రక్తం ద్వారా అంటుకునే జబ్బు ఏదైనా ఉందా? లేదన్నవాళ్ళ కార్డు నేరుగా లోపలికి వెళ్ళేది. ఉందన్నవాళ్ళ కార్డుకి సిస్టరు కుడివైపు పై మూల చిన్నగా మడిచేది. మొదట్లో ఆ మడత చూసి డాక్టరుగారు లోపల్నుంచి, "మిషను పనిచెయ్యట్లేదని చెప్పమ్మాయ్" అనేవారు. రెండేళ్ళు గడిచేసరికి ఆ మాట కూడా అక్కర్లేకపోయింది. మూల మడుస్తూనే సిస్టరు తేనె పూసిన గొంతుతో, "అయ్యో, ఇవాళ మిషను పాడయిందమ్మా, పెద్దాసుపత్రికి వెళ్ళండి, అక్కడైతే మీకన్నీ సదుపాయంగా ఉంటాయి" అనేది. మడిచిన కార్డులన్నీ ఒక పాత చెప్పుల డబ్బాలో, వాళ్ళు తెచ్చిన రక్తపరీక్ష కాయితాల జిరాక్సులతో సహా, భద్రంగా ఉండేవి.

జనం వెర్రివాళ్ళు కారు. ఉందంటే మిషను చెడిపోతుందని ఊరు త్వరలోనే నేర్చుకుంది. తెలిసినవాళ్ళు లేదనే రాయించుకున్నారు. లేదన్న ప్రతివాడి రక్తమూ పాలంత స్వచ్ఛమని డాక్టరుగారి నమ్మకం. సిస్టరు అంతకన్నా ఓ మెట్టు పైన ఉండేది. "నాకు కార్డు కూడా అక్కర్లేదండీ, మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే మొహం చూసి చెప్పేస్తా" అని పక్కనున్న మందుల షాపతనితో గొప్పలు పోయేది. మొహం చూసి రక్తం సంగతి చెప్పగలిగితే ల్యాబులన్నీ మూసేసి హాయిగా అద్దాల కొట్లు పెట్టుకోవచ్చు. ఈ ముక్క ఆమెకి చెప్పినవాళ్ళు లేరు.

మిషనమ్మ వచ్చింది అలాంటి రోజుల్లోనే. యాభై దాటిన మనిషి. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని జాకెట్లూ, బడిపిల్లల యూనిఫారాలూ కుట్టేది గనక అందరికీ మిషనమ్మే. ఎడమ దవడ బుగ్గ దాటి కంటి కింద దాకా వాచిపోయి, ఆ కన్ను సగమే తెరుచుకుంటోంది. అంత నొప్పిలోనూ చంకలో ఒక ఫైలు పట్టుకొచ్చింది.

"ముందే చెప్పేస్తా సిస్టరమ్మా. నా రక్తంలో కామెర్ల పురుగుందన్నారు. కాలేయానికి పట్టేది, బి రకమట. నాకే బాధా లేదు గానీ, ఇంకొకళ్ళకి అంటుతుందన్నారు. మీరు నోట్లో చేతులు పెట్టే మనుషులు. మీకు చెప్పకుండా కుర్చీ ఎక్కితే పాపం కదా."

సిస్టరు ఆమె కాయితం జిరాక్సు తీయించింది, కార్డు మూల మడిచింది, మిషను చెడిపోయిందని చెప్పింది. లోపల్నుంచి ఆ మిషను గిర్రుమంటున్న చప్పుడు ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. మిషనమ్మ ఆ తలుపువైపు ఒకసారి చూసి, "పోనీలే తల్లీ, మీ ఇబ్బంది మీది" అని, ఫైలు చంకన పెట్టుకుని, బుగ్గ చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు.

అది జరిగిన మూడు వారాలకి, ఒక సోమవారం పొద్దున, డాక్టరుగారి కాబోయే వియ్యంకుడు పన్ను పీకించుకోవడానికి వచ్చారు.

డాక్టరుగారికి ఒక్కతే కూతురు. రెండేళ్ళు వెతికితే దొరికిన సంబంధం అది. పెళ్ళి ఇంకో నెలలో ఉంది. సొంతవాళ్ళుండగా పైవాళ్ళ దగ్గర నోరు తెరవడమెందుకని వియ్యంకుడుగారు భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మెట్ల మీదుండగానే తెలిసిపోయే సెంటువాసన. సిస్టరు కార్డు తియ్యబోతే డాక్టరుగారు కళ్ళెర్రజేశారు. వియ్యంకుడికి కార్డేమిటి, వయసెంతని అడగడమేమిటి! దాంతో ఆ ఒక్క మనిషినీ ఏ ప్రశ్నా అడగకుండానే కుర్చీ ఎక్కించారు.

ఆ రోజు డాక్టరుగారు ఒక జత గ్లౌజుల మీద ఇంకో జత తొడుక్కున్నారు. వియ్యంకుడంటే ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా అనుకుంది సిస్టరు.

పన్ను మొండిది, వేళ్ళు లోతుగా దిగున్నాయి. మత్తు మూడుసార్లు ఇవ్వాల్సొచ్చింది. మామూలుగా అయితే సూది వాడాక డాక్టరుగారే, మూతని ట్రేలో పడుకోబెట్టి, ఒంటిచేత్తో సూదిని అందులోకి తోసి మూసేవారు. అలా చెయ్యాలని సంఘం సమావేశాల్లో కుర్ర డాక్టర్లకి చెప్పేదీ ఆయనే. ఆ పూట మాత్రం మూడోసారి మత్తిచ్చాక రక్తం అంటిన సూదిని సిస్టరుకి అందించి, "మూత పెట్టమ్మాయ్" అన్నారు. ఆమె ఎడమచేత్తో మూత పట్టుకుని సూది దూర్చబోతుండగా వియ్యంకుడుగారు నొప్పికి చెయ్యి విసిరారు. ఆ చెయ్యి ఆమె మోచేతికి తగిలింది. సూది గ్లౌజు చీల్చుకుని చూపుడువేలి కండలోకి దిగింది.

"అమ్మా!" అంది సిస్టరు.

డాక్టరుగారు తలెత్తి చూశారు. పచ్చగా ఉండే మొహం ఒక్కసారిగా సున్నం కొట్టినట్టు అయింది. మరుక్షణం తేరుకుని, "వెళ్ళి కడుక్కో. ఏం కాదు, సూదేగా" అన్నారు. సిస్టరు వేలు నొక్కి, స్పిరిట్ పోసి, ప్లాస్టరు చుట్టుకుని మళ్ళీ వచ్చి నిలబడింది. పన్ను వచ్చేసింది. కుట్లు పడ్డాయి. మెట్ల దాకా వెళ్ళి సాగనంపారు.

సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు సిస్టరు నెమ్మదిగా కదిపింది. "సార్, ఏమనుకోకండి. ఆయన రక్తం ఒక్కసారి పరీక్ష చేయిస్తే..."

"మతిపోయిందా నీకు? పిల్లనిస్తున్న ఇంటికెళ్ళి, బావగారూ, మీ రక్తం మంచిదేనా అని అడగమంటావా? ఆయనెవరనుకున్నావ్? రోడ్డున పోయేవాడా?"

సిస్టరుకి అడిగినందుకు సిగ్గేసింది. నిజమే కదా. అంత మంచి బట్టలు, అంత మంచి వాసన, మాటకి ముందు 'అమ్మా' అనే మనిషి. అలాంటివాళ్ళకి అలాంటి జబ్బులేమిటి! మొహం చూసి చెప్పగలిగిన మనిషి తను. ఆ మొహంలో ఏమీ కనబడలేదు. ఇంటికెళ్ళి మొగుడికి చెబితే, స్కూలు వ్యాను నడిపే ఆ మనిషి, "సూదేగా, కత్తి కాదుగా" అన్నాడు. అత్తగారైతే, "నా వేళ్ళకి బొంతలు కుట్టేటప్పుడు వందసార్లు గుచ్చుకుంది, చచ్చానా?" అని తేల్చేసింది. నాలుగేళ్ళ కూతురు ప్లాస్టరు మీద ముద్దుపెట్టి, తగ్గిపోయిందా అని అడిగింది. తగ్గిపోయిందంది సిస్టరు.

బుధవారం డెంటల్ కాలేజీ నుంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. పళ్ళ డాక్టర్లకి రక్తం ద్వారా అంటుకునే జబ్బుల గురించి ఎంత తెలుసు, ఏమనుకుంటారు, ఏం చేస్తారు అని ఊరంతా తిరిగి రాసుకుంటున్నారట. చేతిలో ఇరవై ప్రశ్నల కాయితం. డాక్టరుగారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. సిస్టరు కాఫీలు పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎవరిని జబ్బు మనిషిగా భావించి జాగ్రత్తలు తీసుకుంటారు సార్?"

"అందర్నీ. కుర్చీ ఎక్కిన ప్రతి మనిషి రక్తమూ ప్రమాదకరమే అనుకుని పనిచెయ్యాలి. ఫలానా వాళ్ళు, ఫలానా వాళ్ళు కాదు అని ఎంచుకోకూడదు."

"జబ్బుందని చెప్పిన పేషెంటుకి వైద్యం నిరాకరిస్తారా?"

"ఛ! అది డాక్టరు చెయ్యాల్సిన పనేనా అమ్మా?"

సిస్టరు గోడ మీద గడియారం చూసింది. ఆ పొద్దున్నే ఒక లారీ క్లీనరుకి మిషను చెడిపోయింది.

"మీ సిబ్బందికి కామెర్ల టీకా వేయించారా సార్?"

"మూడు డోసులూ. ఏం అమ్మాయ్?"

ఆయన వేయించుకున్నారు, నిజమే. తొమ్మిదేళ్ళుగా సిస్టరుకి మాత్రం అది వచ్చే నెల వ్యవహారం. ఆడపిల్లలిద్దరూ ఆమెవైపు తిరిగారు. సిస్టరు వేలిని కోటు జేబులోకి దోపుకుని, "అవునండీ" అంది.

"టీకా లేని వాళ్ళకి, జబ్బున్న మనిషికి వాడిన సూది గుచ్చుకుంటే?"

"రక్షణ ఇంజెక్షను ఒకటుంది. ఇరవై నాలుగు గంటల్లో ఇస్తే మంచిది. ఎంత ఆలస్యమైనా ఏడు రోజులు దాటకూడదు. దాటాక చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే."

ఆడపిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. "ఇరవైకి ఇరవై సార్! నలభైమందిని అడిగాం, మీరే మొదటివాళ్ళు. మా మేడమ్‌కి చెప్తాం, మీ చేత ఒక ఉపన్యాసం ఇప్పించాలి."

తెలియక చేసేవాణ్ణి క్షమించవచ్చు. ఈయనకి తెలియనిదేమీ లేదు. పాఠం పొల్లుపోకుండా వచ్చు. నోటికొచ్చిన పాఠం చేతికెందుకు రాలేదని అడిగే ప్రశ్న మాత్రం ఆ ఇరవైలో లేదు.

వాళ్ళు వెళ్ళాక సిస్టరు వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. సోమవారం నుంచి వచ్చే సోమవారం. "సార్, ఆ ఇంజెక్షను..." అంది.

"మళ్ళీ మొదలెట్టావా? అది జబ్బున్నవాడి రక్తం అయితే కదా!"

ఆ మాటతో గురువారం గడిచింది. శుక్రవారం మధ్యాహ్నం ఫోను మోగింది. డాక్టరుగారు లోపల ఎవరి పంటికో సిమెంటు పెడుతున్నారు. సిస్టరు ఎత్తింది. అవతల వియ్యపురాలు. కుట్లు ఎప్పుడు విప్పుతారో కనుక్కుంది. సోమవారం రమ్మంది సిస్టరు.

"నువ్వేనా అమ్మా ఆ రోజు పక్కన నిలబడ్డ అమ్మాయివి? నీక్కూడా చెప్పాలనుకున్నాను. అన్నయ్యగారు నీకు చెప్పే ఉంటారులే, మా వారి రక్తం సంగతి. కామెర్లది, బి. నేనే ఆ ముందురోజు రాత్రి ఫోన్ చేసి చెప్పాను, దాచి కుర్చీ ఎక్కడం తప్పు కదా అని. అన్నయ్యగారి చేతులకి రెండు జతల గ్లౌజులు చూశాను, అప్పుడు నా మనసు కుదుటపడింది. బయటివాళ్ళకి తెలియనివ్వనన్నారు. తెలిస్తే అమ్మాయి ఇంట్లో, చుట్టాల్లో ఎన్ని మాటలొస్తాయో. నువ్వు కూడా కడుపులో పెట్టుకో తల్లీ."

సిస్టరు "అలాగేనండీ" అంది. ఫోను పెట్టేసింది. ఆయన చేతులకి రెండు జతలు. తన చేతులకి ఒకటి. సూది తన చేతికి. మూత పెట్టమ్మాయ్.

చావంటే ఆమెకి అంత భయం వెయ్యలేదు. ఆ చెప్పుల డబ్బా అంటే వేసింది. మూల మడిచిన కార్డుల వాళ్ళని లోకం ఎలా చూస్తుందో తనకంటే బాగా ఎవరికి తెలుసు? తొమ్మిదేళ్ళు చూసిందీ తనే, చూపించిందీ తనే. రేపు అత్తగారు తన కంచం విడిగా పెడుతుంది. మొగుడు పక్క విడిగా వేసుకుంటాడు. కూతురు ఎంగిలి చెయ్యబోతే ఎవరో ఒకళ్ళు లాక్కుపోతారు. ఎక్కడికెళ్ళినా మిషను చెడిపోతుంది.

లోపలి పేషెంటు బయటికి రాగానే తలుపు మూసి, "మీకు తెలుసు" అంది. తొమ్మిదేళ్ళలో సార్ అనకుండా ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

డాక్టరుగారు ఎవరు చెప్పారని కూడా అడగలేదు. తీరిగ్గా గ్లౌజులు విప్పారు. "కూర్చో" అన్నారు. ఆమె కూర్చోలేదు.

"ఏం చెయ్యమంటావ్ చెప్పు. మా ఆవిడకే చెప్పలేదు నేను. ఒక్కతే కూతురు. ఇది బయటికొస్తే పెళ్ళి ఆగిపోతుంది. నీకూ ఆడపిల్లుంది."

"నాకు ఇంజెక్షను కావాలి. అయిదు రోజులైపోయాయి."

"అది పెద్దాసుపత్రిలో తప్ప దొరకదు. కొరత. ఊరికే ఇవ్వరు, ఎవరి రక్తమో రాసి, ఆ మనిషి పరీక్ష కాయితం జతచేస్తేనే ఇస్తారు. ఆయన పేరు రాసి నేనెలా పంపను? ఆ మర్నాడే వాళ్ళ మనిషి విచారణకని ఆ ఇంటి తలుపు కొడతాడు."

"అయితే నన్ను చావమంటారా?"

"నిన్నెందుకు చావనిస్తానమ్మాయ్?" ఆయన గొంతులో నిజంగానే ఆప్యాయత ఉంది. అదే ఇంకా దారుణం. కాసేపు ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంటూ ఆలోచించి, "ఆ డబ్బా ఇలా తే" అన్నారు.

తెచ్చింది. ఆయన మూత తీసి, కార్డులు ఒక్కొక్కటీ తిప్పుతూ పోయారు. ఒకదానికి బి కాదు, సి. ఇంకొకడు ఊరొదిలి వెళ్ళిపోయాడు. మరొకదానికి కాయితం జత లేదు. చివరికొకటి తీసి బల్ల మీద పెట్టారు. కింది ఎడమ దవడ పన్ను, వాపు. బి. దానికి గుండుసూదితో గుచ్చిన జిరాక్సు కాయితం, ల్యాబు ముద్రతో సహా, చక్కగా ఉంది.

మిషనమ్మ కార్డు.

జబ్బున్న వాళ్ళు ఊళ్ళో ఎందరున్నా, ఆ ఆసుపత్రిలో రుజువంటూ ఉన్నది నిజం చెప్పిన వాళ్ళకి మాత్రమే. అబద్ధం చెప్పినవాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యలేరు, వాడి కాయితం ఎక్కడా లేదు.

"ఆవిడ కుర్చీ కూడా ఎక్కలేదు సార్" అంది సిస్టరు. సార్ మళ్ళీ వచ్చేసింది.

"ఎక్కిందని రాద్దాం. ఆవిడకి కొత్తగా వచ్చే నష్టమేముంది? జబ్బు ఉన్నదే. మనం అంటించలేదు. ఉన్న మాటే ఇంకోసారి రాస్తున్నాం. నీ ప్రాణం దక్కుతుంది."

ఇక్కడ సిస్టరు తటపటాయించింది. తటపటాయించలేదని చెబితే అన్యాయమవుతుంది. సగం తెరుచుకున్న ఆ కన్ను గుర్తొచ్చింది. మీకు చెప్పకుండా కుర్చీ ఎక్కితే పాపం కదా అన్న గొంతు గుర్తొచ్చింది. పాపం, మంచిదే ఆవిడ. గోడ మీద గడియారం నడుస్తోంది. ఆ తటపటాయింపు ఎంతసేపు సాగిందంటే, డాక్టరుగారు కలం మూత తీసేంతసేపు.

ఆయన కార్డు వెనకవైపు రాయడం మొదలుపెట్టారు: మత్తు ఇచ్చే సమయంలో పేషెంటు కదలడం వల్ల సహాయకురాలి ఎడమ చూపుడువేలికి సూది గుచ్చుకొనినది.

సిస్టరు వంగి చూసింది. "తేదీ సార్" అంది.

"ఏం?"

"కార్డు మీద కిందటి నెల తేదీ ఉంది. సోమవారం మళ్ళీ వచ్చినట్టు రాయాలి. లేకపోతే ఏడు రోజులు దాటిపోయాయంటారు."

డాక్టరుగారు మెచ్చుకోలుగా చూసి, కార్డు ఆమెకే ఇచ్చేశారు. తొమ్మిదేళ్ళుగా కార్డులు రాసిన చెయ్యి. గుండ్రటి అక్షరాలతో, సోమవారం తేదీ వేసి, పొద్దున పదిన్నర అని టైముతో సహా రాసింది. ఆయన కింద సంతకం పెట్టారు. మూల మడతని ఆమె గోటితో నొక్కి సాపు చేసింది. పెద్దాసుపత్రి వాళ్ళు ఇదేమిటని అడిగితే మళ్ళీ చెప్పుకోలేక చావాలి.

శనివారం పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్ళింది. వరసలో మూడు గంటలు నిలబడ్డాక ఇంజెక్షను ఇచ్చారు, టీకా మొదటి డోసు కూడా అప్పుడే వేశారు. ఆరు నెలలకి రక్తం పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేమన్నారు. గుమాస్తా రిజిస్టరులో రాసుకుంటూ, "ఈవిడ అడ్రసు సరిగ్గా లేదు, సందు పేరొక్కటే ఉంది. మావాడు వెళ్ళి కనుక్కోవాలి, ఎలా?" అన్నాడు.

"పాలడిపో పక్క సందండీ" అంది సిస్టరు. "కుడివైపు నాలుగో ఇల్లు. గోడ మీద కుట్టుమిషను బొమ్మ ఉంటుంది. ఎవర్నడిగినా చెప్తారు."

గుమాస్తా థాంక్స్ చెప్పాడు.

మంగళవారం ఖాకీ సంచీ తగిలించుకుని ఆసుపత్రి మనిషి ఆ సందులోకి వెళ్ళాడు. పాపం, అతని డ్యూటీ అతనిది. గొంతు మాత్రం పెద్దది. "కామెర్ల కేసు ఇల్లు ఇదేనా?" అని పాలడిపో దగ్గరే అడిగాడు. డిపో ముందు పదిమంది నిలబడున్నారు.

ఆ తర్వాతి సంగతులు సిస్టరు చెవిన ముక్కలు ముక్కలుగా పడుతూనే ఉన్నాయి. బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఎవరో జాకెట్టు గుడ్డ కత్తిరించకుండానే వెనక్కి తెచ్చేసుకున్నారట. బడివాళ్ళు యూనిఫారాలు ఇంకొకళ్ళకి ఇచ్చేశారట. కుట్టేటప్పుడు దారం నోట్లో పెట్టుకుని తడిపి సూదిలో ఎక్కిస్తుంది కదా, మరి ఆ ఎంగిలి మన బట్టలకి అంటినట్టే కదా అని ఒకావిడ లాజిక్కు తీసింది. ఒక మిషను అమ్మేసిందట. రెండోదాని మీద ఎవరూ కుట్టించుకోక దుప్పటి కప్పేసిందట. "అయ్యో పాపం" అనేది సిస్టరు, కార్డు మీంచి తలెత్తకుండా.

డాక్టరుగారి అమ్మాయి పెళ్ళి ఘనంగా జరిగింది. సిస్టరుకి మంచి పట్టుచీర పెట్టారు. వియ్యపురాలు ఆమెని దగ్గరికి తీసుకుని, కళ్ళతోనే కృతజ్ఞత చెప్పింది. డెంటల్ కాలేజీలో ఉపన్యాసం కూడా బ్రహ్మాండంగా సాగిందట. కుర్చీ ఎక్కిన ప్రతి మనిషినీ ఒకేలా చూడాలన్న చోట చప్పట్లు కొట్టారట.

ఆరు నెలలు సిస్టరుకి నిద్ర సరిగ్గా పట్టలేదు. అన్నం ముద్ద కూతురి నోటికి పెట్టబోయి ఆగిపోయేది. ఆరో నెలలో రక్తం ఇచ్చి వచ్చింది. ఏమీ లేదని కాయితం వచ్చింది. ఆ కాయితం చేత్తో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళింది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ, మిషనమ్మ వచ్చింది.

వాపు లేదు. పన్ను పెద్దాసుపత్రిలోనే పీకించుకున్నట్టుంది, ఎడమ బుగ్గ లోపలికి పోయింది. మనిషి సగమయింది. లోపలికి రాకుండా గుమ్మం అవతలే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. దేన్నీ ముట్టుకోకుండా ఉండడం అలవాటైనట్టుంది.

నిలదీస్తుంది, ఇక అయిపోయింది అనుకుంది సిస్టరు. నేనెప్పుడు ఎక్కాను మీ కుర్చీ అని అరుస్తుంది. అరిస్తే ఏం చెప్పాలి? డాక్టరుగారు భోజనానికి వెళ్ళారు. మందుల షాపతను ఇటే చూస్తున్నాడు.

"సిస్టరమ్మా" అంది మిషనమ్మ. "నీకేమీ అంటలేదటగా? ఖాకీ సంచీ అబ్బాయి నిన్న చెప్పాడు. నిజమేనా తల్లీ?"

"ఆ" అంది సిస్టరు.

మిషనమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నీళ్ళు కారుతున్నాయి.

"ఆరు నెలలయింది తల్లీ నేను కంటినిండా నిద్రపోయి. ఆ అబ్బాయి మొదటిసారి వచ్చి, పళ్ళాసుపత్రి సిస్టరుకి నీ రక్తం తగిలిందంటే నమ్మలేదు నేను. నేను కుర్చీయే ఎక్కలేదయ్యా అన్నాను. డాక్టరుగారు సంతకం పెట్టారు, ఆయన అబద్ధం రాస్తాడా అన్నాడు. అదీ నిజమే, అంత పెద్దాయన ఎందుకు రాస్తాడు? అప్పుడు కూర్చుని ఆలోచించుకున్నా. ఆ రోజు చిగురు చిట్లి నోట్లోంచి రక్తం కారుతోంది. చేత్తో తుడుచుకుని, ఆ చేత్తోనే కాయితం తీసి నీకిచ్చాను. నువ్వు పట్టుకున్నావు. నీ వేలికి ఏ గీతో ఉండుంటుంది. అలా అంటుకుని ఉంటుంది. చిన్నపిల్ల తల్లివట కదా. నీకేమైనా అయితే ఆ ఉసురు నాకు తగలదూ? రోజూ నీ గురించే మొక్కుకున్నా."

సిస్టరు బల్ల మీది కార్డులు సర్దింది.

"తప్పయిపోయింది తల్లీ. తెలిసి చెయ్యలేదు. నన్ను క్షమించానని ఒక్క మాట అను, వెళ్ళిపోతాను."

సిస్టరు మందుల షాపువైపు చూసింది. అతను చెవులు రిక్కించి వింటున్నాడు. ఆమెకి గుండెల మీద నుంచి పెద్ద బండ దిగిపోయినట్టు ఉంది. ఆ బండ స్థానంలో మెల్లగా ఒక మంచితనం, ఒక పెద్దరికం వచ్చి కూర్చుంటున్నాయి. ఎప్పటి తేనె గొంతు దానంతటదే వచ్చేసింది.

"సర్లే అమ్మా. జరిగిందేదో జరిగిపోయింది. కావాలని చేశావా ఏంటి? ఇకముందైనా కాస్త చూసుకుని మసులుకో."

"నువ్వు చల్లగా ఉండాలి తల్లీ" అంది మిషనమ్మ. చేతులు వెనక్కి కట్టుకునే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రాత్రి అన్నాల దగ్గర సిస్టరు మొగుడికీ అత్తగారికీ అంతా చెప్పింది. మిషనమ్మ వచ్చిందనీ, ఏడ్చిందనీ, క్షమించమందనీ.

"దాని వల్ల ఆరు నెలలు నరకం చూశావు. నాలుగు దులపాల్సింది" అంది అత్తగారు.

"పోనీలెండి అత్తయ్యా, పెద్దావిడ. నేను ఒక్క మాట కూడా అనలేదు" అంది సిస్టరు, ముద్ద కలిపి కూతురి నోట్లో పెడుతూ.

"నీది మరీ మెత్తటి మనసు" అన్నాడు మొగుడు.